పదమూడు యూరోలు, ఒక జీరో టికెట్

జూన్‌లో పారిస్ నుంచి రాగానే మన క్లబ్ గ్రూపులో "ట్రిప్ గురించి ఏదైనా రాయవా" అని అడిగారు. సెమిస్టర్, ల్యాబులు, ప్రాజెక్టు రివ్యూలు అంటూ ఇన్ని నెలలు నెట్టుకొచ్చా. ఈఫిల్ టవర్ మీద నుంచి ఊరు ఎలా కనపడిందో, సేన్ నది ఒడ్డున సాయంత్రం ఎలా ఉందో రాస్తానని అనుకుని ఉంటారు. ఆ ఫొటోలన్నీ అప్పుడే స్టేటస్‌లో చూసేశారు, చాలు. నేను డబ్బుల గురించి రాస్తున్నా. నాలుగు రోజుల్లో మెట్రోకి ఎంత పెట్టాను, ఏటీఎం దగ్గర ఎంత పోగొట్టుకున్నాను, ఎక్కడ పిసినారితనానికి పోయి దెబ్బతిన్నాను, ఇవీ సంగతులు.

ఎందుకంటే వెళ్లే ముందు నేను వెతికింది ఇదే. ఎవరూ రాసిపెట్టనిది కూడా ఇదే. మన సీనియర్లలో కనీసం అరడజను మంది ఇంటర్న్‌షిప్ అనో, కాన్ఫరెన్స్ అనో యూరప్ వెళ్లొచ్చారు. అందరి ఫొటోలూ ఉన్నాయి. ఒక్కరి ఖర్చుల కాగితం కూడా లేదు. అడిగితే "అబ్బే, మేనేజ్ అయిపోతుందిలే" అంటారు. అవుతుంది, నిజమే. ఎంతకి మేనేజ్ అవుతుందన్నదే నా ప్రశ్న.

మాది బసంత్‌నగర్. రాజీవ్ రహదారి మీద గోదావరిఖని వైపు పోయేవాళ్లకి మా ఊరంటే ఒక టోల్ గేటు, ఒక సిమెంట్ ఫ్యాక్టరీ. ఆ ఫ్యాక్టరీ 2025లో అల్ట్రాటెక్‌లో కలిసిపోయింది గానీ ఊళ్లో మాత్రం ఇంకా కేశోరామే. ఊరి దగ్గర ఒక ఎయిర్‌స్ట్రిప్ కూడా ఉంది. 1980ల్లో వాయుదూత్ విమానాలు దిగేవని పెద్దవాళ్లు చెప్తారు. మేం పుట్టేసరికి అక్కడ గడ్డి తప్ప ఏమీ దిగడం లేదు. నేను విమానం ఎక్కాలంటే ముందు నాలుగైదు గంటలు బస్సు ఎక్కాలి.

మా బాపు లారీ నడుపుతాడు. డ్రైవర్ సీటు పక్కన పొడుగాటి డైరీ ఒకటి ఎప్పుడూ ఉంటది. ట్రిప్పుకో పేజీ. డీజిల్, టోల్, హమాలీ, పంక్చర్, చాయ్, అన్నీ అందులోనే. పది రూపాయల చాయ్ కూడా రాస్తాడని చిన్నప్పుడు నవ్వేదాన్ని. టోల్ సంగతి బాపుకి ఎంత తెలుసో మన సివిల్ డిపార్ట్‌మెంట్‌లో కూడా ఎవరికీ తెలియదనుకుంటా. నేషనల్ హైవే గేట్ల దగ్గర ఫాస్టాగ్ లేనివాడు 2021 ఫిబ్రవరి నుంచి రెట్టింపు కట్టాల్సి వచ్చింది. 2025 నవంబర్ 15 నుంచి కొంచెం మార్చారు. ఫాస్టాగ్ పనిచేయకపోతే యూపీఐతో కడితే ఒకటింపావు రెట్లు, నోట్లు ఇస్తే మాత్రం ఎప్పటిలాగే రెట్టింపు అన్నారు. రోడ్డు ఒకటే, బండి ఒకటే. కట్టే పద్ధతిని బట్టి ధర మూడు రకాలు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, పారిస్‌లో మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

ఇంకొకటి. రామగుండం స్టేషన్‌లో రాత్రి పన్నెండింటికి రైలు దిగితే ఏమవుతుందో మా వైపు వాళ్లకి తెలుసు. మేమైతే ఇంటికి ఫోన్ చేస్తాం, లేకపోతే తెలిసిన ఆటో అన్నకి చేస్తాం, అదీ కాకపోతే ఇంకెవరు దిగారో చూసి నలుగురం కలిసి ఎక్కుతాం. కొత్తగా ఎన్టీపీసీలో ట్రైనింగ్‌కి వచ్చిన పిల్లాడు మాత్రం ఒక్కడే బ్యాగు పట్టుకుని బయటికొస్తాడు. పగలు షేర్ ఆటోకి అయ్యే దానికి ఐదారు రెట్లు ఇచ్చి ఎక్కుతాడు. ఆటో అతను దొంగేం కాదు, రాత్రి పూట ఖాళీగా తిరిగి రావాలి కదా. కానీ ఆ పిల్లాడు కట్టిన దాంట్లో సగం దూరానికి కాదు, ఆ ఊరు తెలియనందుకు. మొన్న జూన్‌లో పారిస్‌లో ఆ పిల్లాడిని నేనే.

2025 జూన్ 19, గురువారం పొద్దున చార్ల్స్ డి గాల్ ఎయిర్‌పోర్టులో దిగాం. ముగ్గురం. స్టూడెంట్ వర్క్‌షాప్‌లో మా టీమ్ పేపర్. విమానం టికెట్లు, హాస్టల్ మంచాలు కాలేజీ చూసుకుంది. వీసా ఫీజు 90 యూరోలు, 30 వేల యూరోల కవరేజీ ఉండాల్సిన ఇన్సూరెన్స్, ఊళ్లో తిరుగుడు, తిండి మావి. బాపు నలభై వేలు ఇచ్చాడు. ఇస్తూ ఏమీ అనలేదు. అదే కష్టం, ఏదైనా అంటే బాగుండేది. లెక్క సులువుగా ఉండడానికి యూరోకి వంద రూపాయలు అనుకోండి, అప్పుడు రేటు కూడా దాని దరిదాపుల్లోనే ఉంది.

ఎయిర్‌పోర్టు నుంచి ఊళ్లోకి ఆర్ఈఆర్ బి రైలు. టికెట్ అప్పుడు 13 యూరోలు. మెషీన్ ముందు నిలబడి ముగ్గురం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. పదమూడు వందలు! బసంత్‌నగర్ నుంచి హైదరాబాద్ వచ్చి పోవచ్చు. ట్యాక్సీలకి అక్కడ ఫిక్స్‌డ్ రేటు ఉంది, సేన్ నదికి కుడి ఒడ్డు వైపు 56, ఎడమ ఒడ్డు వైపు 65 యూరోలు. మా హాస్టల్ ఎడమ ఒడ్డున. ముగ్గురికీ రైలు 39, ట్యాక్సీ 65. నలుగురు ఉండి, పెద్ద సామాను ఉండి, అర్ధరాత్రి అయితే ట్యాక్సీ గురించి ఆలోచించాలి. మాకు అవేం లేవు, రైలే.

రైలే అనుకున్నాక అసలు కథ మొదలైంది. మా టీమ్‌మేట్ కార్డు మెషీన్‌లో పనిచేయలేదు. 2020లో రిజర్వ్ బ్యాంక్ తెచ్చిన నిబంధన వల్ల మన కార్డులు మామూలుగా దేశంలో వాడకానికే తెరిచి ఉంటాయి. విదేశాల్లో వాడాలంటే మనమే యాప్‌లోకి వెళ్లి ఆన్ చేసుకోవాలి. మంచి నిబంధనే, మోసాలు తగ్గుతాయి. వాడు ఆన్ చేయలేదు. ఇప్పుడు చేద్దామంటే ఓటీపీ రావాలి, ఓటీపీ రావాలంటే ఇండియా సిమ్‌కి రోమింగ్ ఉండాలి, రోమింగ్ ప్యాక్ దండగని వేయించుకోలేదు. ఇంట్లో కూర్చుని ఒక్క నిమిషంలో అయ్యే పని, అక్కడ రెండు రోజులు పట్టింది. అప్పటిదాకా వాడి ఖర్చు కూడా నా కార్డు మీదే.

ఊళ్లోకి వచ్చాక మెట్రో. పారిస్‌లో 2025 జనవరి నుంచి టికెట్లు మార్చేశారు. మెట్రో, లోకల్ రైలు ఏదైనా, ఎంత దూరమైనా ఒకే ధర, 2025లో 2.50 యూరోలు ఉండేది. బస్సు, ట్రామ్ అయితే అప్పుడు 2. ఎయిర్‌పోర్టుకి మాత్రం వేరే, అదే ఆ 13. మెట్రో టికెట్‌తో దిగి బస్సు ఎక్కితే చెల్లదు, మళ్లీ బస్సు టికెట్ కావాలి. టికెట్లన్నీ నవిగో ఈజీ అనే కార్డులో వేసుకోవాలి, ఖాళీ కార్డుకి 2 యూరోలు. ముగ్గురికీ ఒక కార్డు కొని ఒకరి తర్వాత ఒకరం చూపిద్దామనుకున్నాం. కుదరదు, మనిషికో కార్డు. ఒక రోజంతా తిరిగే పాస్ అప్పుడు 12 యూరోలు, ఎయిర్‌పోర్టుకి చెల్లదు. అంటే రోజుకి ఐదు సార్లు మెట్రో ఎక్కితేనే పాస్ గిట్టుబాటు. మేం రోజుకి నాలుగు సార్లు ఎక్కుతాం. కాబట్టి విడి టికెట్లే మేలు. ఇంజినీరింగ్ బుర్రలు కదా, లెక్క చేసి మురిసిపోయాం.

శనివారం రాత్రి హాస్టల్ వరండాలో కర్ణాటక నుంచి వచ్చిన టీమ్ వాళ్లు కనపడ్డారు. వాళ్ల మెడలో మా కార్డు లాంటిదే కానీ ఫొటో అతికించిన కార్డు ఉంది. ఏంటని అడిగా. వారం పాస్. అప్పుడు 31.60 యూరోలు, కార్డుకి ఇంకో 5. సోమవారం నుంచి ఆదివారం దాకా చెల్లుతుంది. మేం వెళ్లే ముందు దాని గురించి చదివాం, గురువారం దిగేవాళ్లకి సోమవారం నుంచి లెక్కపెట్టే పాస్ ఎందుకని వదిలేశాం. మేం చూడనిది ఏంటంటే, ఆ పాస్ ఎయిర్‌పోర్టుకి కూడా చెల్లుతుంది. ఆ వారానిది గురువారం దాకా అమ్ముతారు. అంటే మేం దిగిన రోజే ఆఖరి రోజు.

ఆ రాత్రి మంచం మీద కూర్చుని లెక్క వేశా. తిరుగు ప్రయాణం కూడా కలిపి నాది ఇదీ: కార్డు 2, ఎయిర్‌పోర్టు నుంచి 13, గురువారం రెండు మెట్రోలు 5, శుక్రవారం నాలుగు 10, శనివారం నాలుగు 10, ఆదివారం పొద్దున రెండు 5, మళ్లీ ఎయిర్‌పోర్టుకి ఎలా వెళ్లినా తక్కువలో తక్కువ 4.50 (దీని గురించి తర్వాత చెప్తా). మొత్తం 49.50. వాళ్లది 36.60. మనిషికి దాదాపు 13 యూరోలు తేడా, ముగ్గురికీ కలిపి మూడు వేల ఎనిమిది వందల రూపాయల పైమాట. ఆ కార్డుకి ఒక చిన్న ఫొటో కావాలి. వీసా కోసం పెద్దపల్లిలో తీయించిన ఫొటోలు నాలుగు నా బ్యాగు జిప్పులోనే ఉన్నాయి. కత్తిరిస్తే సరిపోయేది.

వాళ్లకెలా తెలిసింది? వాళ్లేం మాకంటే తెలివైనవాళ్లు కాదు, మా పేపరే బాగుందని నా అభిప్రాయం. వాళ్ల కాలేజీ నుంచి ఏటా ఎవరో ఒకరు వెళ్తారట. ఒక సీనియర్ ఒకే ఒక్క పేజీ రాసి ఇచ్చింది. "గురువారం లోపు దిగితే వారం పాస్, ఫొటో పట్టుకెళ్లండి." రెండో లైను: "ఏటీఎం రూపాయలు అడిగితే వద్దనండి." ఆ రెండో లైను చదివినప్పుడు నాకు నిజంగా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎందుకో చెప్తా.

గురువారం సాయంత్రం హాస్టల్‌లో తాళానికి డిపాజిట్ నోట్లలోనే కావాలన్నారు. బేకరీ దగ్గర, చిన్న కొట్ల దగ్గర "కార్డు అయితే కనీసం 10 యూరోలు" అని కాగితాలు అంటించి ఉన్నాయి. నా దగ్గర ఫారెక్స్ కార్డులో 200, నోట్లు 50 యూరోలు. ముగ్గురి ఖర్చులో ఆ నోట్లు అప్పుడే అయిపోయాయి. ఫారెక్స్ కార్డులో నిలవ తగ్గించొద్దని డెబిట్ కార్డు ఏటీఎంలో పెట్టి 100 యూరోలు అడిగా. మెషీన్ మర్యాదగా అడిగింది: మీ ఖాతాలోంచి రూపాయల్లో తీయమంటారా, యూరోల్లోనా? పొద్దున్నుంచి అన్నీ తెలియని భాషలో చూస్తున్నదాన్ని, రూపాయి గుర్తు కనపడగానే మేనమామ కనపడినట్టు అనిపించింది. రూపాయలు నొక్కా. ఖాతాలోంచి పోయినవి 11,180.

ఆ రోజు రేటుకి అది పది వేలకి అటూ ఇటూ ఉండాల్సింది. రూపాయల్లో తీయమనగానే మారకం రేటు పెట్టే హక్కు ఆ మెషీన్ వాడి చేతికి వెళ్లిపోతుంది. వాడికి ఇష్టమొచ్చిన రేటు వేసుకుంటాడు. యూరోలు అని నొక్కితే మార్చేది మన కార్డు నెట్‌వర్కు, మన బ్యాంకు. అప్పుడూ ఊరికే కాదు. చాలా డెబిట్ కార్డులకి మూడున్నర శాతం దాకా మార్కప్, దాని మీద 18 శాతం జీఎస్టీ. కలిపితే 4.13 శాతం, అంటే పది వేలకి 413 రూపాయలు. అదీ ఎక్కువే. కానీ నేను పోగొట్టుకున్న దాంట్లో అది సగం కూడా కాదు. షాపుల్లో కార్డు గీకే మెషీన్ కూడా ఇదే ప్రశ్న అడుగుతుంది. అప్పుడప్పుడు కౌంటర్‌లో ఉన్నవాళ్లే మన మొహం చూసి మంచికే అనుకుని రూపాయలు నొక్కేస్తారు. చూస్తూ ఉండాలి.

బాపు టోల్ గేటు లెక్క ఇదే. నోట్లు ఒకటే, తీసే దారిని బట్టి ధర మూడు రకాలు. తేడా ఏంటంటే, టోల్ గేటు దగ్గర రెట్టింపు అని బోర్డు పెడతారు. ఇక్కడ నీ రూపాయిని నీకే చూపించి, సాయం చేస్తున్నట్టు అడుగుతారు. రామగుండం ఆటో అన్న నయం, "అన్నా, గంత ఎట్లయితదే" అని బేరమన్నా ఆడొచ్చు.

యూపీఐ గురించి అడుగుతారని తెలుసు. "పారిస్‌లో యూపీఐ వచ్చింది కదా" అని వెళ్లే ముందు నాతో కనీసం పది మంది అన్నారు. వచ్చింది. 2024 ఫిబ్రవరిలో ఈఫిల్ టవర్ దాంతోనే మొదలు, వెబ్‌సైట్‌లో టికెట్ తీసుకునేటప్పుడు క్యూఆర్ స్కాన్ చేసి కట్టొచ్చు. మనకి గర్వంగానే ఉంటుంది. కానీ టవర్ ఎక్కేది ఒక్కసారి. మెట్రో మెషీన్‌కి, బేకరీకి, రాత్రి తెరిచి ఉన్న చిన్న కొట్టుకి ఆ గర్వం పనికిరాదు. మన ఊళ్లో కొబ్బరిబోండాల బండి దగ్గర కూడా స్కాన్ చేసి అలవాటై జేబులో చిల్లర పెట్టుకోవడం మర్చిపోయిన తరం మనది. అక్కడ యాభై, అరవై యూరోల నోట్లు, ఒక ఫారెక్స్ కార్డు, ఆపదకి ఇంటర్నేషనల్ ఆన్ చేసిన ఇంకో కార్డు, ఇవి మూడూ ఉండాలి. ఫారెక్స్ కార్డులో మరీ ఎక్కువ వేయకండి. మిగిలింది మళ్లీ రూపాయల్లోకి మార్చేటప్పుడు ఇంకోసారి కోత పడుతుంది.

ఇదంతా చదివి పారిస్ వాళ్లు మనల్ని దోచుకుంటున్నారు అనుకోకండి. నాకు అలా అనిపించలేదు. 2.50 టికెట్టు సంగతే తీసుకోండి. 2024లో ఊళ్లో టికెట్ 2.15 ఉండేది, ఒలింపిక్స్ రోజుల్లో 4 చేశారు, 2025లో 2.50 అయ్యింది. మనలాంటి వాళ్లకి పెరిగింది. కానీ దూరపు శివార్ల నుంచి రోజూ పనికి వచ్చేవాళ్లు అంతకుముందు ఒక్క టికెట్‌కి 5 యూరోల దాకా కట్టేవాళ్లు, 2025లో వాళ్లకీ 2.50 అయ్యింది. నెల పాస్ తీసుకున్న ఉద్యోగికి సగం డబ్బులు యజమాని ఇవ్వాలని అక్కడ చట్టమే ఉంది. అక్కడే ఉండి, అక్కడి బ్యాంకు ఖాతా ఉన్నవాళ్లకి నెలాఖరున బిల్లు వచ్చే ఇంకో కార్డు ఉంది, దాని మీద 2025లో అదే మెట్రో 1.99 ఉండేది. అంటే పూర్తి ధర కట్టేది ఎక్కువగా వచ్చిపోయేవాళ్లే.

తప్పేముంది? మన దగ్గర మాత్రం? 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి వచ్చాక పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో నాకు జీరో టికెట్. ఆధార్ చూపిస్తే చాలు. అంతకుముందు పండగకి తప్ప హాస్టల్ నుంచి ఇంటికి పోయేదాన్ని కాదు. మా అమ్మ కరీంనగర్‌లో చిన్నమ్మ ఇంటికి పోవాలంటే బాపుని డబ్బులు అడగాలి, ఇప్పుడు చీర కట్టుకుని వెళ్లి బస్సు ఎక్కుతుంది. కానీ తెలంగాణ చిరునామా లేని ఆడమనిషికి అదే బస్సులో, అదే సీటుకి డబ్బులు. ఎస్టోనియాలో తాలిన్ నగరం 2013 నుంచి బస్సులు, ట్రాములు ఉచితం చేసింది, అదీ ఆ ఊరివాళ్లకే. అందరికీ, బయటివాళ్లకి కూడా ఉచితం చేసింది లక్సెంబర్గ్, 2020లో. అంత చిన్న దేశం, అంత డబ్బున్న దేశం కాబట్టి కుదిరింది. ఊరివాడికి ఒక ధర, చుట్టానికి ఒక ధర అన్నది లోకమంతా ఉన్నదే. నా గొడవ ఆ ధరతో కాదు. చుట్టాల్లో కూడా మళ్లీ రెండు రకాలున్నారు, తెలిసినవాళ్లు, తెలియనివాళ్లు. 36.60 కట్టినవాళ్లు, 49.50 కట్టినవాళ్లు. ఆ తేడా ఎవరి మీద పడుతుందో చూడండి. ఇంట్లో ముందు ఎవరూ వెళ్లని వాళ్ల మీద, అడిగితే నామోషీ అనుకునేవాళ్ల మీద, జేబులో తక్కువ ఉన్నవాళ్ల మీద.

నామోషీ గురించి ఒక మాట. రెండో రోజే మా టీమ్‌మేట్ అన్నాడు, "యూరప్ వచ్చి కూడా ప్రతిదీ రూపాయల్లో లెక్కేస్తే ఇంకేం ఎంజాయ్ చేస్తాం?" వాడు చెడ్డవాడు కాదు. (కార్డు ఆన్ చేయనిది వాడే.) వాడి మాటలో కొంత నిజం కూడా ఉంది, దానికి నా దగ్గరే సాక్ష్యం ఉంది.

శనివారం సాయంత్రం మోంమార్త్ గుట్ట మీద ఉన్నా. మిగతా ఇద్దరూ మెట్రోలో వెళ్లిపోయారు. నాకు ఏటీఎం దెబ్బ ఇంకా మంటగానే ఉంది, 2.50 మిగిలిద్దామని నడక మొదలుపెట్టా. ఏడు కిలోమీటర్ల దాకా ఉంటుంది. ఆ రోజు జూన్ 21, వాళ్ల సంగీతం పండగ. 1982 నుంచి ఏటా ఆ రోజు వీధి వీధిలో ఎవరికి తోచింది వాళ్లు వాయిస్తారు, పాడతారు, టికెట్ ఉండదు. మా దగ్గర బతుకమ్మ నాడు సందు సందుకీ పాట వినపడినట్టు. బాగుంది, అబద్ధం చెప్పను. కానీ జనంలో ఇరుక్కుని, కొత్త చెప్పులు కరిచి, మడమ బొబ్బలెక్కి, వర్క్‌షాప్ వాళ్ల వీడ్కోలు విందుకి వెళ్లేసరికి గిన్నెలు తీసేస్తున్నారు. అక్కడ ఫ్రీగా తినాల్సిన భోజనం పోయి, 9 యూరోలు పెట్టి సాండ్‌విచ్ తిన్నా. 2.50 మిగిల్చి 9 పోగొట్టా. పైగా రెండు వారాలు స్లిప్పర్లతో కాలేజీకి వచ్చా, మీరంతా చూశారు.

కాబట్టి రూపాయల్లో లెక్కేసుకుంటూ కాళ్లరిగేలా తిరగమని నేను చెప్పడం లేదు. లెక్క ముందే అయిపోతే అక్కడికి వెళ్లాక తలచుకోవాల్సిన పనే ఉండదంటున్నా. వారం పాస్ మెడలో ఉన్న ఆ కర్ణాటక పిల్లలు రోజుకి ఎనిమిది సార్లు మెట్రో ఎక్కారు. ఒక్క స్టేషన్ దూరానికి కూడా ఎక్కారు. వాళ్లు ఎంజాయ్ చేశారు. మెట్రో మెట్ల మీద నిలబడి ఎక్కనా వద్దా అనుకున్నది మేం.

ఇంకో అభ్యంతరం కూడా విన్నా. "అన్నీ ఇంటర్నెట్‌లో ఉంటాయి కదా, వెతుక్కోవచ్చు కదా." ఉన్నాయి. 31.60 అని నేనూ చదివాననే చెప్పా కదా. ధర దొరుకుతుంది. గురువారం పొద్దున మన కార్డుతో, మన బ్యాగుతో దిగిన మనిషికి ఏది మేలో ఆ పేజీ చెప్పదు. ట్రావెల్ బ్లాగులు రాసేవాళ్లలో చాలామందికి వాళ్ల దేశపు క్రెడిట్ కార్డు ఉంటుంది, మార్కప్ ఉండదు, ఓటీపీ గొడవ ఉండదు. పంతొమ్మిదేళ్ల మనలో ఎంతమందికి క్రెడిట్ కార్డు ఉంది? మన లెక్క మనమే రాసుకోవాలి.

అందుకే క్లబ్‌కి, కాలేజీకి నా విన్నపం ఒకటి. ప్రయాణానికి డబ్బులిచ్చేటప్పుడు తిరిగొచ్చాక రిపోర్టు అడుగుతారు. నేనూ ఇచ్చా, ఎనిమిది పేజీలు, అందులో ఆరు ఫొటోలు. దానికి బదులు ఒక పేజీ ఖర్చుల లెక్క అడగండి. ఏ ఊరు, ఏ నెల, ఏ వారం దిగారు, ఏ టికెట్ కొన్నారు, ఏది కొనాల్సింది, ఎక్కడ మోసపోయారు. పేరు రాయక్కర్లేదు, మోసపోయామని పేరుతో రాయడం ఎవరికైనా కష్టమే. ఒక ఫైలులో పెట్టండి. ధరలు ఏటా మారతాయి, నేను రాసినవి కూడా జనవరికి పాతబడతాయి. పర్వాలేదు. ధర పాతబడుతుంది గానీ ఏ ప్రశ్న అడగాలన్నది అంత తొందరగా పాతబడదు.

ఆ ఫైలులో నావి చిన్నవి రెండు. పారిస్ వీధుల్లో ముదురాకుపచ్చ రంగు ఇనుప కుళాయిలుంటాయి, 1872లో రిచర్డ్ వాలెస్ అనే ఆయన పెట్టించినవి. నీళ్లు తాగొచ్చు, ఖాళీ బాటిల్ ఉంచుకోండి. రోడ్ల మీద ఉండే ఆటోమేటిక్ టాయిలెట్లు 2006 నుంచి ఉచితం. ఇది అమ్మాయిలకి ఎందుకు ముఖ్యమో అబ్బాయిలకి చెప్పక్కర్లేదనుకుంటా.

ఇక ఆ 4.50 సంగతి. ఆ ఒక పేజీలో మూడో లైను అది. ఎయిర్‌పోర్టుకి రైలే కాదు, మామూలు సిటీ బస్సు కూడా పోతుంది. పోర్త్ ద లా షపెల్ దాకా మెట్రోలో అప్పుడు 2.50, అక్కడి నుంచి 350 నంబర్ బస్సు 2 ఉండేది. ఆగి ఆగి పోతుంది, రైలు కంటే చాలా ఆలస్యం, మన పల్లెవెలుగులాగే. విమానానికి టైము ఉంటేనే ఎక్కాలి. మాకు ఉంది. బస్సు నిండా ఎయిర్‌పోర్టులో డ్యూటీకి పోయేవాళ్లు, మెడలో ఐడీ కార్డులు, ఒళ్లో టిఫిన్ డబ్బాలు. షిఫ్టు మారేటప్పుడు గోదావరిఖనిలో బస్సు ఎక్కినట్టే ఉంది. నాలుగు రోజుల్లో నాకు భయం వేయని ప్రయాణం అదొక్కటే.

శంషాబాద్‌లో దిగాక పుష్పక్ బస్సులో జేబీఎస్ వచ్చా, దానికి డబ్బులు కట్టాలి, ఉచితం కాదు. జేబీఎస్‌లో సూపర్ లగ్జరీ కదులుతోంది. వదిలేసి, ముప్పావు గంట ఆగి ఎక్స్‌ప్రెస్ ఎక్కా. ఇంటికెళ్లాక బాపు అన్నం తింటూ "లెక్క రాసినవా బిడ్డా?" అన్నాడు. నా నోట్‌బుక్ ఇచ్చా. కళ్లద్దాలు పెట్టుకుని మొదటి నుంచి చదివాడు. ఏటీఎం లైను దగ్గర ఆగాడు, నా వైపు చూశాడు, ఏమీ అనలేదు, పేజీ తిప్పాడు. ఆఖరి లైను "జేబీఎస్ – బసంత్‌నగర్: 0". దాని పక్కన పెన్నుతో టిక్కు పెట్టి నోట్‌బుక్ తిరిగిచ్చాడు.